అడిగినందుకు సంతోషం అక్కా

నాకు టీబీ వచ్చి తగ్గింది. ఈ మాట ఇంత తేలిగ్గా రాసేస్తున్నానంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. ఒకప్పుడు ఆ రెండక్షరాలు ఇంట్లో పలకాలంటే ముందు కిటికీ రెక్కలు మూసేవాళ్ళం. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది. అన్నం రుచి తెలుస్తోంది. మెట్లెక్కినా ఆయాసం రావడం లేదు. అయితే దగ్గూ జ్వరంతో పాటు ఇంకో జబ్బు కూడా పట్టుకుంది నన్ను. దానికి దవాఖానాలో గోలీలు ఇవ్వరు. దాని పేరు కుళ్ళు. మంచం పట్టినవాడికి లేచి తిరిగే ప్రతి మనిషి మీదా పుట్టే కుళ్ళు. అది వస్తుందని నాకెవరూ ముందు చెప్పలేదు, అందుకే నేను చెబుతున్నాను.

నేను ఖమ్మం మిర్చి యార్డులో ఒక కమీషను దుకాణంలో గుమస్తాని. సొంతూరు ఎర్రుపాలెం. 2005లో సీజను మొదలయ్యేటప్పటికే నాకు దగ్గు ఉంది. కానీ సీజన్లో యార్డులో దగ్గనివాడెవడు? బస్తాలు విప్పితే చాలు, ఆ ఘాటుకి కాంటా వేసేవాడు దగ్గుతాడు, హమాలీ దగ్గుతాడు, సరుకు తెచ్చిన రైతు దగ్గుతాడు, పక్కనుంచి పోయే చాయ్ వాడూ దగ్గుతాడు. మాలో ఎవరికైనా దగ్గు ఎక్కువైతే ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటాం. నేనూ పెట్టుకున్నాను. ఎండలు ముదిరాయి, సరుకు తగ్గింది, యార్డు ఖాళీ అయింది. అందరి దగ్గూ ఆగింది. నాది ఆగలేదు. అప్పుడైనా బుద్ధి రావద్దా? పాత ఘాటు లోపల పేరుకుపోయిందనుకుని ఎండాకాలమంతా బెల్లం తిన్నాను. యార్డులో పనిచేసేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకొక దండం పెట్టి చెబుతున్నా. సీజను అయిపోయాక కూడా దగ్గుతుంటే బెల్లం పక్కన పెట్టి దవాఖానాకు పోండి.

ఆ ఎండాకాలంలోనే నా భార్య సునీత స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరింది. ఆమెది జూలూరుపాడు. ఖమ్మంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. భద్రాచలం దిక్కు ఆడపిల్లల హాస్టలు బడి ఒకటి కొత్తగా పెడుతున్నారని, అక్కడ ఇంగ్లీషు టీచరు కావాలని ఎవరో చెప్పారు. ఇంటర్వ్యూ మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుందట. రాయడం ఆమెకు బాగా వచ్చు, మాట్లాడాలంటేనే నాలుక మడత పడేది. అందుకని బడి వదిలాక రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర మేడ మీద క్లాసుకు పోయేది.

ఒకరోజు కూర తిరగమోత వేస్తూ ఆనాటి పాఠం చెప్పింది. మనల్ని ఇబ్బంది పెట్టే సొంత ప్రశ్నలు ఎవరైనా వేస్తే ఇంగ్లీషులో మర్యాదగా ఎలా దాటెయ్యాలీ అన్నది పాఠం.

"ముఖం మాడ్చుకోవద్దంట. అబద్ధం గూడ చెప్పొద్దంట. ముందుగాల నవ్వాలె. అడిగినందుకు థాంక్స్ చెప్పాలె. కొంచెం చెప్పి ఊకోవాలె. ఎంటనే వాళ్ళ గురించి వాళ్ళనే అడగాలె. అంతే, వాళ్ళ ప్రశ్న వాళ్ళే మర్చిపోతరంట."

"ఇదేం చోద్యం! మన దగ్గర పిల్లలెంతమంది, జీతమెంత అని అడగకపోతే కదా తప్పు! అడగనోణ్ణి పొగరుబోతంటాం" అన్నాను.

"గందుకే మనం నేర్చుకోవాల్సొచ్చింది" అని నవ్వింది. మాకు పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. ఆమెను ఆ ప్రశ్న అడగని మనిషి లేడు. ఆ పాఠం ఆమెకెందుకంత నచ్చిందో నాకప్పుడు తట్టలేదు.

వానలు పడగానే నేనూ పడ్డాను. యార్డు నుంచి వస్తూ ఇంటి ముందు గోడ పట్టుకుని కూలబడిపోయాను. పరీక్షలు చేశారు. డాక్టరు చీటీ చూసి, తలెత్తి, "టీబీ. భయం లేదు, ఆర్నెల్లు మందులు మింగాలి, మధ్యలో మానొద్దు" అన్నాడు. భయం లేదన్న మాట డాక్టర్లు ఎందుకు వాడతారో గానీ, అది విన్నాకే నాకు భయం పట్టుకుంది. సునీత ఏడవలేదు. "ఎవరెవరికి చెప్పాలె?" అని అడిగింది. "చెప్పాల్సిన పనేముంది?" అన్నాను. తర్వాత తలుచుకుంటే ఆ మాట అన్నది నేనే. కానీ ఆమె దాన్ని అంత బాగా పాటిస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఎర్రుపాలెం నుంచి మా అమ్మ దిగింది. దిగిన గంటలోనే నాకొక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక చెంబు వేరు చేసింది. ముందు గదిలో నాకు మంచం వేసింది. సునీతని వంటింటి పక్క గదిలోకి మార్చింది. "కొన్నాళ్ళేనే అమ్మాయ్, వాడి మంచికీ నీ మంచికీ" అంది. సునీత మారు మాట్లాడకుండా చాప చుట్టుకుని పోయింది. ఒక్కసారి కాదని ఉంటే ఏం పోయేది? ఇక్కడే ఉంటానంటే వద్దని నేనే అనేవాణ్ణి కదా. ఆమె నోట ఆ మాట వినాలని ఉండింది.

ఇక పరామర్శలు మొదలయ్యాయి. మా ఇంటి ఓనరమ్మ ముందు వాటాలో ఉంటుంది, మాది వెనక వాటా, వాకిలి ఇద్దరికీ ఒకటే. ఆమె మంచిదే. పండగకి పిండివంటలు పెడుతుంది. కానీ పక్కింట్లో కుక్కర్ కూత పెడితే లోపల పప్పా చారా అని కనుక్కోనిదే ఆమెకు నిద్ర పట్టదు. మర్నాడే వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏందమ్మా సునీతా, మీ ఆయన పనికి పోతలేడు? ఏం రోగమమ్మా? గా ఎక్స్‌రేలు ఏందమ్మా?"

లోపల మంచం మీద నేను చెవులు రిక్కించాను. సునీత నవ్వడం వినిపించింది.

"అడిగినందుకు సంతోషం అక్కా. ఛాతీల నెమ్ము చేరింది, మందులిచ్చిన్రు, తగ్గుతుంది. మీ మోకాళ్ళెట్లున్నయక్కా? మొన్న తైలం రాసుకుంటుంటిరి గదా?"

అంతే! ఓనరమ్మ మోకాళ్ళు మొదలుపెట్టింది. కుడి మోకాలు, ఎడమ మోకాలు, వాటికి విజయవాడలో చూపించింది, కొత్తగూడెంలో పసరు కట్టించింది, అన్నీ అయ్యేసరికి పొయ్యి మీది పాలు పొంగి చల్లారిపోయాయి కూడా. ఏం అడగడానికి వచ్చిందో ఆమెకే గుర్తు లేదు. లేచి దీవించి మరీ వెళ్ళింది.

నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే కడుపులో మంట కూడా వచ్చింది. నేనైతే నీళ్ళు నమిలేవాణ్ణి, పట్టుబడేవాణ్ణి. ఈమెకి ఇంత నేర్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? మా అన్నదమ్ములొచ్చారు, ఆమె బడి టీచర్లు వచ్చారు, యార్డు నుంచి మనుషులొచ్చారు. ఒక్కొక్కరూ నవ్వుతూ వచ్చి, తమ గురించి తాము చెప్పుకుని, నవ్వుతూ వెళ్ళారు. రోగం నాది, పేరు ఆమెకు. "ఎంత ఓపికయ్యా నీ పెళ్ళానికి!" అని నాతోనే అనేవాళ్ళు. వింటుంటే ఒళ్ళు మండేది.

అసలు ఆ రోజుల్లో ఎవరి మీద ఏడవలేదు నేను? చెంబెడు నీళ్ళు గటగటా తాగేవాళ్ళ మీద ఏడ్చాను. సైకిలు మీద పాట పాడుకుంటూ పోయేవాడి మీద ఏడ్చాను. పొద్దున్నే పెద్దగా తుమ్మి, హాయిగా "అబ్బా" అనుకునే పక్కింటాయన మీద కూడా ఏడ్చాను.

మందులు దవాఖానాలోనే వాళ్ళ ఎదుట మింగాలి. అక్కడొక సిస్టరు ఉండేది. మాత్రలు చూస్తేనే నాకు వాంతి వచ్చినట్టుండేది. ఆమె ఏమీ అనకుండా నాకు గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఇచ్చి, గోడ గడియారం చూస్తూ నిలబడేది, నేను మింగేదాకా నన్ను చూడకుండా. ఆ చూడకపోవడం ఎంత మేలో పడ్డవాడికే తెలుస్తుంది.

అక్కడి బల్ల మీదే, భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి వచ్చి ఆ దవాఖానాలోనే ఉంటున్న మొగుడూ పెళ్ళాలు కనిపించేవాళ్ళు. అతనికీ నా జబ్బే, నాకన్నా చిక్కిపోయి ఉన్నాడు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకునేవాళ్ళు, నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ తిట్లని మాత్రం తెలిసేది. ఆమె అతన్ని తిడుతూనే ఉండేది. టవలు సరిగా కప్పుకోలేదని తిట్టేది, కొంగుతో మూతి తుడిచి మళ్ళీ తిట్టేది. అతను పిల్లాడిలా కూర్చుని తిట్లు తినేవాడు. మా అమ్మ ఊరుకుంటుందా? "మీకెంతమంది పిల్లలమ్మా?" అంది.

"ముగ్గురు. ఈయనతోటి నలుగురు" అంది ఆమె, విసుక్కుంటూ. అమ్మ పకపకా నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. నన్ను అలా ఎవరూ తిట్టలేదు. మా ఇంట్లో అందరూ నాతో ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నారు. ఆ బక్కప్రాణి మీద, సగం ఊపిరితో కూర్చున్న ఆ మనిషి మీద నాకు అసూయ పుట్టిందంటే నేనెంత దిగజారానో చూడండి.

ఆ రోజు సాయంత్రం సునీత క్లాసు నుంచి పొద్దుపోయి వచ్చింది. "ఎందుకింత లేటు?" అన్నాను. ఆమె నవ్వింది. "బస్సు దొరకలే. మీరు తిన్నరా? జ్వరం చూసుకున్నరా?" అంది. నేను జ్వరం సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా పిడుగు పడ్డట్టు తోచింది. నవ్వింది, కొంచెం చెప్పింది, తిరిగి నన్నే అడిగింది! ఓనరమ్మకి మోకాళ్ళు, నాకు జ్వరం. నా మీద కూడా అదే పాఠం వాడుతోందన్నమాట.

అప్పటి నుంచి ఆమె ఏం మాట్లాడినా నాకు ఆ పాఠమే కనిపించేది. "ఏం ఆలోచిస్తున్నావ్?" అంటే "ఏం లేదు, చారు పుల్లగైందా?" అనేది. "అలిసిపోయావా?" అంటే "కొంచెం. మీకు దిండు ఎత్తు సరిపోయిందా?" అనేది. ఇదంతా మామూలు మాటలే కావచ్చు. కావచ్చు కాదు, మామూలు మాటలే. కానీ మంచం మీద పడున్నవాడికి ఇంకేం పని? ఒక్కో మాటా పట్టుకుని నలిపేవాణ్ణి.

పులి మీద పుట్రలా కిరణ్ ఒకడు. క్లాసులో ఇద్దరిద్దర్ని జతలు కట్టి, ఇంటి దగ్గర ఫోన్లో మాట్లాడుకుని ప్రాక్టీసు చేయమన్నారట. ఆమె జత కిరణ్. సత్తుపల్లి పిల్లాడు, సెల్‌ఫోన్ల దుకాణంలో పని. రోజూ చీకటి పడే వేళకి ఫోను మోగేది. ఇంగ్లీషులో ఏదో అడిగేవాడు, ఈమె ఏదో చెప్పి నవ్వేది. నోరు తిరగక ఇద్దరూ తప్పులు పలుకుతూ నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం? నాతో అలా నవ్వి ఎన్నాళ్ళయింది? నేను ముందు గదిలోంచి కావాలని గట్టిగా దగ్గేవాణ్ణి. రాని దగ్గు తెచ్చుకుని దగ్గేవాణ్ణి. ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "నీళ్ళు కావాల్నా?" అనేది. వద్దనేవాణ్ణి.

దసరా దగ్గర పడేసరికి నాకు నయం కనిపించింది. డాక్టరు పరీక్షలు చూసి, "ఇక మీ వల్ల ఎవరికీ అంటదు. మామూలుగా ఉండొచ్చు, మందులు మాత్రం ఆపొద్దు" అన్నాడు. ఆ మాట సునీత కూడా విన్నది. మా అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. పళ్ళేలు మళ్ళీ కలిసిపోయాయి. కానీ సునీత చాప మాత్రం వంటింటి పక్క గదిలోనే ఉంది. రోజూ చూస్తున్నాను, ఇవాళ తెస్తుందేమో, రేపు తెస్తుందేమో అని. తేలేదు. నేను అడగలేదు. అడిగితే నవ్వి, నా ఆకలి గురించి అడుగుతుందని భయం.

ఇంతలో ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. ఆ ఉద్యోగం ఆమెకు దొరికిందని ఇప్పుడే చెప్పేస్తున్నా, చదివేవాళ్ళకు ఆ ఆరాటం వద్దు. నా ఆరాటం వేరు. వస్తే ఆమె హాస్టల్లోనే ఉండాలి. నన్నూ నా దగ్గునూ వదిలించుకోడానికే పోతోందేమో, ఒకసారి పోతే మళ్ళీ నా గడప తొక్కదేమో అని లోపల పురుగు తొలుస్తోంది. సరిగ్గా అప్పుడే కిరణ్‌కు హైదరాబాదులో పని దొరికి వెళ్ళిపోయాడు. సునీతకు ప్రాక్టీసు చేయించేవాళ్ళు లేకుండా పోయారు.

"నేనడుగుతా" అన్నాను.

"మీరా?" అంది.

"ఇంటర్ దాకా చదివినోణ్ణే. అడగడానికి ఎంత ఇంగ్లీషు కావాలి?"

సాయంత్రం నేను వాకిట్లో నులక మంచం మీద, ఆమె గుమ్మంలో. మా మధ్య దండెం మీద మా బట్టలూ ఓనరమ్మ చీరలూ ఆరేసి ఉండేవి. మొదటి రోజు మామూలు ప్రశ్నలే వేశాను. వయసెంత, సొంతూరేది, మీ ఆయన ఏం చేస్తాడు. "వై నో చిల్డ్రన్?" అని అడిగితే ఆమె కళ్ళు కూడా ఆర్పకుండా నవ్వి, థాంక్యూ చెప్పి, మీ పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారు సార్ అని ఇంగ్లీషులో తిప్పికొట్టింది. ఇద్దరం నవ్వాం. ఎన్ని నెలలకో నవ్వాం.

నాకప్పుడొక సంగతి తెలిసొచ్చింది. తెలుగులో అడిగితే పోట్లాట అయ్యేది ఇంగ్లీషులో అడిగితే ప్రాక్టీసు అవుతోంది. రెండో రోజు ధైర్యం చేసి, "డూ యూ లైక్ కిరణ్?" అన్నాను. ఆమె నవ్వి, "హీ ఈజ్ ఏ గుడ్ స్టూడెంట్. హౌ ఈజ్ యువర్ కాఫ్ టుడే?" అంది. నా దగ్గెలా ఉందట! ఆ రాత్రంతా కుతకుతలాడాను.

మూడో రోజు పొద్దున్నే ఆమె నిఘంటువు తీసి, సిగ్గుపడటానికి ఇంగ్లీషులో ఏమంటారో వెతికి పెట్టుకున్నాను. సాయంత్రం దాకా ఆ మాటను నోట్లో నానబెట్టుకున్నాను. ఒకటి రెండు పిచ్చి ప్రశ్నలయ్యాక అడిగేశాను.

"ఆర్ యూ అషేమ్డ్ ఆఫ్ మీ?"

సునీత పెదాల మీదికి నవ్వు రాబోయి ఆగింది. "థాంక్యూ ఫర్ ఆస్కింగ్..." అని మొదలుపెట్టింది.

నాకు తిక్క రేగింది. తువ్వాల తీసి నేల మీద కొట్టాను. "ఆపు! థాంక్యూ లేదు గీంక్యూ లేదు. మోకాళ్ళ గురించి అడిగి మరిపించడానికి నేను ఓనరమ్మననుకున్నావా? తెలుగులో అడుగుతున్నా, తెలుగులో చెప్పు. నేనంటే సిగ్గా నీకు? ఆ గదిలో ఎందుకు పడుకుంటున్నావ్? ఆ ఉద్యోగానికి నా నుంచి పారిపోడానికే పోతున్నావా?"

అరిచిన అరుపుకి దగ్గొచ్చింది. ఓనరమ్మ తలుపు తీసుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఏందమ్మా గీ లొల్లి? ఏం రోగమో చెప్పరు, లొల్లి మాత్రం వాడకంత ఇనపడాలె!"

సునీత లేచి నిలబడింది. ఇక నవ్వుతుంది, సంతోషం అక్కా అంటుంది, మోకాళ్ళు అడుగుతుంది అనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"టీబీ అక్కా" అంది. "మా ఆయనకు టీబీ వచ్చింది. వానలప్పటి సంది మందులు మింగుతున్నడు. గిప్పుడు ఎవ్వరికి అంటదన్నడు డాక్టరు. మీతోటి నెమ్మని చెప్పిన. నిజం చెప్పాలంటే సిగ్గైంది నాకు."

అని నా వైపు తిరిగింది.

"ఇన్నరా? అవ్, సిగ్గైంది. మస్తు సిగ్గైంది. మా అమ్మకు గూడ చెప్పలే. డాక్టరు ఏం గాదన్నా నాకు భయం పోలే, గందుకే ఆ గదిల పంటున్న. ఉద్యోగానికి పారిపోతలేను, మీరు మళ్ళ గా మిరపకాయల దుమ్ముల పడకుంట ఉంటరని పోతున్న. ఇంకా ఏమన్న అడిగేదుందా?"

తెలిసినవాళ్ళందరికీ అంత మర్యాదగా జవాబు చెప్పిన మనిషి నాకు మాత్రం మొహం మీద కొట్టినట్టు చెప్పింది. నొప్పి పుట్టింది. అయినా అన్ని నెలల్లో నాకు కావాల్సిన మాట అదొక్కటే.

ఓనరమ్మ దండెం దగ్గరికి పోయి, మా బట్టలు తగలకుండా, ఇంకా తడి ఆరని తన చీరలు ఒక్కొక్కటీ తీసి భుజాన వేసుకుంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సునీత వచ్చి నా పక్కన నులక మంచం మీద కూర్చుంది. జబ్బు తెలిసినప్పటి నుంచి అదే మొదటిసారి.

"ఇల్లు ఖాళీ చెయ్యమంటది" అంది.

"అంటుంది" అన్నాను. ఆ నెలాఖరుకే అంది కూడా.

"ఎటు దిక్కు ఎతుకుదాం?"

"నీకు బస్సెక్కడానికి దగ్గరగా ఉండాలి. బస్టాండు అవతల చూద్దాం. వారం వారం వస్తావు కదా?"

"రాక యాడికి పోత?" అంది విసుక్కుంటూ.

నేను దగ్గాను. ఆమె గభాల్న మొహం అటు తిప్పుకుంది. కానీ లేవలేదు.